మోచెయ్యి నొప్పెడితే ఆట మానిపించాలా?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఆటల గురించి మాట్లాడడానికి ఈవిడెవరని మీరు అనుకోవచ్చు. నిజమే. తొక్కుడుబిళ్ల, తాడాట తప్ప నేను ఆడిన ఆటలు లేవు. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. డాక్టర్ని అంతకన్నా కాను. అయితే మా అమ్మాయి షటిల్ ఆడుతుంది. ఆ పిల్ల మోచేతి నొప్పితో మా ఇంట్లో ఇంచుమించు ఏడాదిపాటు పెద్ద భాగవతమే జరిగింది. అందులో నేను చేసిన పొరపాట్లు ఒకటీ రెండూ కావు. అవి మరో తల్లి చెయ్యకూడదనే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

రెండేళ్ల కిందట, సంక్రాంతి వెళ్లిన వారం. పొద్దున్నే కాఫీ గ్లాసు అమ్మాయి చేతిలోంచి జారి కిందపడింది. "చూసుకోవద్దూ!" అని కసిరాను. మారు మాట్లాడకుండా గ్లాసు తీసి, నేల తుడిచింది. తుడుస్తున్నది ఎడమచేత్తో. నాకు అనుమానం వచ్చి అడిగితే ఏమీ లేదంది. ఆ రాత్రి తలుపు గడియ తియ్యబోయి అబ్బా అని ఆగిపోయింది. అప్పుడు బయటపెట్టింది, దీపావళి నుంచీ కుడి మోచెయ్యి నొప్పిగా ఉందని.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెబితే ఆట మానెయ్యమంటావు గదమ్మా" అంది.

"అంతే మరి! ఇక బ్యాట్ ముట్టుకోవద్దు" అన్నాను నేను. చూశారా, పిల్ల ఏం భయపడిందో సరిగ్గా అదే చేశాను.

మా అత్తగారు ఆముదం రాసి కాపడం పెట్టారు. పక్కింటావిడ పుత్తూరు కట్టు కట్టించమన్నారు. విరిగిన ఎముక కదలకుండా ఉండడానికి కట్టు కడతారు సరే, ఇక్కడ విరిగినదేదీ లేదు కదా. మా వారు మాత్రం రెణ్ణెల్లు విశ్రాంతి ఇస్తే అదే సర్దుకుంటుందన్నారు. అలాగే రెణ్ణెల్లు బ్యాట్ అటక మీద పెట్టాం. నొప్పి నిజంగానే తగ్గింది. అందరం సంతోషించాం. మార్చిలో మళ్లీ కోర్టుకు వెళ్లింది. మూడో రోజుకల్లా నొప్పి తిరిగి వచ్చింది, ముందుకన్నా ఎక్కువగా.

అప్పుడు రెండో పొరపాటు చేశాం. మేలో పోటీలకు ఎంపిక ఉందని తొందరపడి, ఒక డాక్టరుగారి దగ్గర మోచేతిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించాం. ఆయన్ని తప్పు పట్టను. త్వరగా తగ్గాలి, త్వరగా తగ్గాలి అని ప్రాణం తీసింది మేమే. నాలుగు రోజుల్లో మంత్రం వేసినట్టు నొప్పి మాయమైంది. పిల్ల ఎంపికలో ఆడింది, గెలిచింది కూడాను. ఆరు వారాలు తిరిగేసరికి తల దువ్వుకోవడానికి దువ్వెన పట్టుకోలేకపోయింది. గెలిచిన చోటు వదులుకోవలసి వచ్చింది.

జూన్‌లో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకువెళ్లాను. వ్యాయామంతో వైద్యం చేసేవాళ్లన్నమాట. ఆవిడ ముందు చెయ్యి చూడలేదు, మమ్మల్ని కూర్చోబెట్టి కథంతా అడిగారు. తరవాత అమ్మాయి చెయ్యి చాపించి, అరచెయ్యి నేలకేసి ఉంచి, "నేను కిందికి నొక్కుతాను, నువ్వు మణికట్టు పైకి ఎత్తు" అన్నారు. మోచేతికి బయటివైపు బొడిపెలా తగిలే ఎముక దగ్గర సూదిపోటు పొడిచినట్టయింది పిల్లకి. "ఇది టెన్నిస్ ఎల్బో" అన్నారావిడ.

"మా అమ్మాయి టెన్నిస్ ఆడదండీ" అన్నాను. ఆవిడ నవ్వారు. ఈ నొప్పి వచ్చేవాళ్లలో చాలామంది టెన్నిస్ బ్యాట్ కంటితో కూడా చూసి ఉండరట. 1883లో ఇంగ్లండులో లాన్ టెన్నిస్ ఆడేవాళ్లలో దీన్ని గమనించి ఆ పేరు పెట్టారు, అదే స్థిరపడిపోయింది. వడ్రంగులకు వస్తుంది, పెయింటర్లకు వస్తుంది, తడిబట్టలు పిండే మనకూ వస్తుంది. ముప్పై అయిదు, యాభై అయిదు ఏళ్ల మధ్యవారికి ఎక్కువ. ఆటగాళ్లకైతే ఏ వయసులోనైనా రావచ్చు.

అసలు మోచేతిలో ఏం జరుగుతుంది? ఆవిడ నాకు చెప్పింది నేను మీకు చెబుతాను.

మణికట్టును వెనక్కి వంచే కండరాలన్నీ ముంజేతి పైభాగాన ఉంటాయి. అవి మోచేతి బయటి ఎముకకు ఒక గట్టి నారతో అంటుకుని ఉంటాయి. డాక్టర్లు దాన్ని టెండన్ అంటారు. మనం నార అనే అనుకుందాం. మీరు ఏ వస్తువును గట్టిగా పట్టుకున్నా, మణికట్టు ముందుకు వాలిపోకుండా ఈ కండరాలు వెనక నుంచి లాగి ఆపుతాయి. కావాలంటే ఇప్పుడే కుడి గుప్పిట బిగించి, ఎడమచేత్తో ముంజెయ్యి తడిమి చూడండి. బిగుసుకోవడం తెలుస్తుంది. అంటే బ్యాట్ ఊపినప్పుడే కాదు, ఊరికే పట్టుకున్నా ఆ నార మీద లాగుడు ఉంటుంది. ఇక వెనకచేతి దెబ్బ, అదే బ్యాక్‌హ్యాండ్ కొట్టినప్పుడు చెప్పనే అక్కర్లేదు.

మా అమ్మమ్మ ఇంట్లో బావి ఉండేది. చేంతాడు ఎప్పుడూ గిలక మీద ఒరుసుకునే చోటే పీచు లేచేది. ఈ నార కూడా అంతే. రోజూ లాగగా లాగగా ఎముకకు అంటుకునే చోట పోగులు చెదురుతాయి. అయితే చేంతాడుకూ దీనికీ ఒక తేడా ఉంది. ఇది ప్రాణం ఉన్న తాడు. వ్యవధి ఇస్తే తన పోగులు తాను మళ్లీ అల్లుకుంటుంది. కండరానికి అందినంత రక్తం దీనికి అందదు కనుక నెమ్మదిగా అల్లుకుంటుంది. అల్లుకునే వేగం కన్నా చెదిరే వేగం ఎక్కువైనప్పుడే నొప్పి మొదలవుతుంది.

ఇదంతా విని నేనడిగాను, "మూడేళ్ల నుంచీ ఆడుతోంది కదండీ, ఇప్పుడే ఎందుకొచ్చింది?" అని. ఆవిడ మా అమ్మాయిని తిరిగి మూడు ప్రశ్నలు వేశారు. దసరా సెలవుల శిబిరంలో రోజుకు రెండు గంటల ఆట నాలుగు గంటలైంది. ఆ నెలలోనే బ్యాట్ తీగలు మరింత బిగించి కట్టించుకుంది. బ్యాట్ పిడికి చుట్టిన గ్రిప్ అరిగి సన్నబడినా మార్చుకోలేదు. తీగ బిగువు పెరిగితే దెబ్బ అదురు చేతికి ఎక్కువ వస్తుంది. పిడి సన్నగా ఉంటే జారిపోకుండా మరింత బిగించి పట్టుకోవాలి. ఈ మూడూ ఒక్కసారే వచ్చిపడ్డాయి. "ఎంత ఆడిందన్నది కాదమ్మా, ఎంత తొందరగా పెంచిందన్నదే ముఖ్యం" అన్నారావిడ. ఈ మాట నేను కేలండరు మీద రాసుకున్నాను.

మరి విశ్రాంతి ఇచ్చాం కదా, ఎందుకు పనిచెయ్యలేదు? విశ్రాంతితో నొప్పి తగ్గింది, బలం రాలేదు. పైపెచ్చు రెణ్ణెల్లు పని లేక ఆ నార, ఆ కండరాలు మరింత నీరసపడ్డాయి. నీరసపడిన చేత్తో మునుపటి ఆట ఒక్కసారిగా ఆడితే ఏమవుతుంది? జ్వరంపడి లేచినవాడికి మొదటి పూటే పెళ్లిభోజనం వడ్డించినట్టవుతుంది. ముందు జావ, తరవాత పథ్యం, ఆ తరవాత అన్నం. చేతికీ అదే క్రమం.

ఇంజెక్షను సంగతీ అంతే. 2006లో ఆస్ట్రేలియాలో టెన్నిస్ ఎల్బో ఉన్న 198 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఒక జట్టుకు ఫిజియోథెరపీ చేశారు. మూడో జట్టుకు జాగ్రత్తలు చెప్పి ఊరుకున్నారు. ఆరు వారాలకు చూస్తే ఇంజెక్షన్ వాళ్లే అందరికన్నా బాగున్నారు. ఏడాదికి చూస్తే వాళ్లే అందరికన్నా వెనక ఉన్నారు. ఇంజెక్షన్‌తో మొదట నయమైనవారిలో నూటికి 72 మందికి మళ్లీ తిరగబెట్టింది. ఇందులో మనం గమనించవలసింది ఇంకొకటి ఉంది. ఊరికే జాగ్రత్తగా ఉన్నవాళ్లు కూడా ఏడాదికల్లా చాలావరకు బాగుపడ్డారు. అంటే ఇది భయపడవలసిన జబ్బు కాదు. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఆపరేషను లేకుండానే ఏడాది లోపల తగ్గిపోతుంది. అయితే ఇంటిపని చేసుకునేవారికి నొప్పి తగ్గితే చాలు. ఆటగాళ్లకు అది చాలదు, మునుపటి బలం కూడా రావాలి. దానికే వ్యాయామం.

ఈమధ్య మన రక్తమే తీసి, దానిలోంచి ఒక భాగం వేరుచేసి మోచేతిలో ఎక్కించే పి.ఆర్.పి. అనే ఇంజెక్షను వచ్చింది. ఖర్చు చాలా ఎక్కువ. 2021లో పరిశోధనలన్నీ కూర్చి చూసినవారు, టెన్నిస్ ఎల్బోకు దానివల్ల చెప్పుకోదగ్గ లాభం కనబడలేదనే తేల్చారు. డబ్బు కట్టే ముందు ఈ సంగతి డాక్టరుగారిని అడగండి.

ఇక మా అమ్మాయి చేత ఏమేం చేయించారో వరసగా చెబుతాను. కాగితం, పెన్సిలు ఉంటే రాసుకోండి. కానీ ఒక్క మనవి. ముందు చూపించుకుని, ఇది ఫలానా అని నిర్ధారణ అయ్యాకే మొదలుపెట్టండి.

మొదటి మెట్టు, భారం తగ్గించడం. మానడం కాదు, తగ్గించడం. మూడు వారాలు బ్యాక్‌హ్యాండ్, స్మాష్ ఆపేశారు. పరుగు, కాళ్ల వ్యాయామం, కోర్టులో అడుగులు వెయ్యడం మానవద్దన్నారు. పిల్ల మనసు దిగులుపడకుండా ఉండడానికి కూడా ఇది మంచిదైంది. ఇంట్లో ఏ వస్తువు ఎత్తినా అరచెయ్యి పైకి ఉండేలా, మోచెయ్యి వంచి ఒంటికి దగ్గరగా పెట్టుకుని ఎత్తమన్నారు. పుస్తకాల సంచి ఎడమ భుజానికి మారింది. నొప్పి ఎక్కువైన రోజున మంచుముక్కలు గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టేవాళ్లం. మోచేతికి రెండువేళ్లు కిందుగా ముంజేతికి చుట్టుకునే పట్టీ ఒకటి దొరుకుతుంది. పని చేసేటప్పుడు అది పెట్టుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది. నిద్రపోయేటప్పుడు తీసెయ్యాలి.

రెండో మెట్టు, కదలకుండా బలం పట్టడం. ముంజెయ్యి బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి ఉంచి, మణికట్టు బల్ల అంచు దాటి ఉండేలా కూర్చోవాలి. ఎడమచేత్తో కుడిచేతి వెనకభాగాన్ని కిందికి నొక్కుతుంటే, కుడిచెయ్యి లొంగకుండా అలాగే నిలబడాలి. ముప్పై లెక్కపెట్టేదాకా పట్టి, ఒక నిమిషం ఆగి, మళ్లీ. అలా అయిదుసార్లు. రోజుకు రెండు పూటలా.

మూడో మెట్టు, నెమ్మదిగా దింపడం. మొత్తం వైద్యానికి ఇదే ఆయువుపట్టు. అదే బల్ల, అదే భంగిమ. చేతిలో అరకిలో బరువు. మా ఇంట్లో అరలీటరు నీళ్ల సీసాయే అరకిలో బరువైంది. ఎడమచెయ్యి సాయంతో మణికట్టును పైకి ఎత్తి, సాయం తీసేసి, నాలుగు లెక్కపెడుతూ నెమ్మదిగా కిందికి దించాలి. పదిహేనుసార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ, అలా మూడు విడతలు. రోజు విడిచి రోజు. ఎత్తడం కన్నా దించడంలో ఆ నార ఎక్కువ పనిచేస్తుందట. వారం పదిరోజులు సుఖంగా చేస్తే పావుకిలో పెంచడం. అలా అరకిలో నుంచి రెండు కిలోల దాకా రావడానికి మా అమ్మాయికి పది వారాలు పట్టింది. తరవాత ఎడమచెయ్యి సాయం లేకుండా ఎత్తడం, దించడం రెండూ చేసింది.

దీనితోబాటు పొడుగు కాడ ఉన్న గరిటె చివర పట్టుకుని, ముంజేతిని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పడం. తువ్వాలు చుట్టగా చుట్టి పిండినట్టు మెలితిప్పి నెమ్మదిగా వదలడం. రబ్బరు పట్టీతో భుజానికీ, వెనక రెక్క ఎముకకూ వ్యాయామం. మోచేతి నొప్పికి భుజం ఎందుకంటారా? దెబ్బలోని బలం కాళ్ల నుంచి నడుముకు, నడుము నుంచి భుజానికి, అక్కడి నుంచి చేతికి రావాలి. భుజం పని భుజం చెయ్యకపోతే ఆ లోటంతా మోచెయ్యే పూడ్చాలి. ఇంట్లో ఒకరు పని తప్పించుకుంటే మరొకరి నడుం విరిగినట్టే!

ఇక్కడే నేను మూడో పొరపాటు చెయ్యబోయాను. మొదటి వారం వ్యాయామం చేస్తూ పిల్ల మొహం చిట్లిస్తే, "నొప్పిగా ఉంటే ఆపెయ్యి, ఆపెయ్యి" అని వెంటబడ్డాను. ఆవిడ నాకు ఒక కొలత చెప్పారు. నొప్పికి పదికి మార్కులు వెయ్యమన్నారు. మూడు మార్కుల దాకా ఫరవాలేదు. అంతకు మించితే బరువు తగ్గించాలి. మర్నాడు పొద్దున లేచేసరికి నొప్పి నిన్నటి పొద్దుటికన్నా పెరగకూడదు. పెరిగితే నిన్న చేసింది ఎక్కువైందని అర్థం. ఒక మెట్టు దిగాలి, మానెయ్యకూడదు. అప్పటినుంచీ పాలలెక్క రాసే పుస్తకంలోనే పక్క పేజీలో రోజూ పొద్దున ఆ మార్కులు రాసేవాళ్లం. తారీఖు, బరువు, మార్కులు. ఇప్పటికీ ఆ పుస్తకం దాచాను. వారం పైకి, రెండ్రోజులు కిందికి, మళ్లీ పైకి, ఇలా మెట్లెక్కుతూ దిగుతూ సాగింది. రాసుకోకపోతే ఆ కిందికి దిగిన రోజుల్లోనే నిరాశపడి వదిలేసి ఉండేవాళ్లం.

నాలుగో మెట్టు, తిరిగి ఆటలోకి. చెయ్యి పూర్తిగా చాపి గుప్పిట బిగించినా నొప్పి లేకపోవడం, కుడిచేతి పట్టు ఎడమచేతికి తీసిపోకుండా ఉండడం, ఈ రెండూ కుదిరాకే బ్యాట్ ఇచ్చారు. ముందు షటిల్ లేకుండా గాలిలో ఊపడం. తరవాత సగం కోర్టులో పది నిమిషాలు ఫోర్‌హ్యాండ్ మాత్రమే. తరవాత బ్యాక్‌హ్యాండ్. అన్నిటికన్నా చివర స్మాష్. మొదట్లో రోజు విడిచి రోజు. ఒక వారం ఒకటే పెంచాలి. సమయం పెంచిన వారం వేగం పెంచకూడదు. గ్రిప్ మార్చారు, తీగ బిగువు తగ్గించారు. జూన్‌లో మొదలుపెట్టిన పిల్ల నవంబరులో పూర్తి ఆట ఆడింది. అయిదు నెలలు! మేము మాత్రం ఏప్రిల్లో నాలుగు రోజుల్లో అయిపోవాలనుకున్నాం.

పెద్ద పెద్ద ఆటగాళ్లకే ఈ ఓపిక తప్పలేదు. సచిన్ టెండూల్కర్‌కు 2004లో ఈ టెన్నిస్ ఎల్బోయే వచ్చింది. మందులకూ విశ్రాంతికీ లొంగక, 2005 మేలో లండన్‌లో ఆపరేషను చేయించుకోవలసి వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరు 25న నాగపూరులో శ్రీలంక మీద మళ్లీ బ్యాట్ పట్టి 93 పరుగులు చేశారు. డిసెంబరులో ఢిల్లీలో 35వ టెస్టు సెంచరీ కొట్టి గవాస్కర్ రికార్డు దాటారు. అంతటివారికే చేతికి ఆపరేషనయ్యాక అయిదు నెలలు పట్టిందంటే, మన పిల్లలను పదిహేను రోజుల్లో దిగమనడం ఏం న్యాయం?

మోచేతి నొప్పులన్నీ టెన్నిస్ ఎల్బోలు కావు. బయటివైపు కాక లోపలివైపు, అంటే చిటికెనవేలి వైపు నొప్పి వస్తే దాన్ని గోల్ఫర్స్ ఎల్బో అంటారు. దానికీ వైద్యం ఇంచుమించు ఇదే, మణికట్టు వంచే దిక్కు మారుతుంది. విసిరే ఆటల్లో మాత్రం లోపలివైపు ఎముకను ఎముకకు కట్టి ఉంచే బంధమే దెబ్బతినవచ్చు. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాడు టామీ జాన్‌కు 1974లో ఇదే జరిగింది. ఆయన ఎడమచేతి వాటం మనిషి. ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు ఆయన కుడి ముంజేతి నుంచి నార తీసి ఎడమ మోచేతిలో అతికారు. 1975 అంతా ఆట లేదు. 1976లో తిరిగొచ్చి, 1989 దాకా ఆడి, ఆపరేషను తరవాత 164 ఆటలు గెలిపించారు. ఆ ఆపరేషనుకు ఆయన పేరే నిలిచిపోయింది. మన నీరజ్ చోప్రా కూడా 2019 మేలో మోచేతికి ఆపరేషను చేయించుకున్నారు. 2020 జనవరిలో దక్షిణాఫ్రికాలో మళ్లీ ఈటె విసిరి ఒలింపిక్స్‌కు అర్హత సంపాదించారు. 2021 ఆగస్టు 7న టోక్యోలో 87.58 మీటర్లు విసిరి బంగారు పతకం తెచ్చారు.

చిన్నపిల్లల విషయంలో మరీ జాగ్రత్త. పదీ పదిహేనేళ్ల పిల్లలకు ఎముక చివర ఇంకా ముదరని భాగం ఉంటుంది. పదేపదే విసరడం వల్ల నార కన్నా ముందు ఆ లేత ఎముకే దెబ్బతింటుంది. అందుకే అమెరికాలో పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్ 2007 నుంచి రోజుకు ఇన్ని బంతులే వెయ్యాలని లెక్క పెట్టింది. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలైతే 85కు మించకూడదు. క్రికెట్ కోచింగ్‌కు వెళ్లే మీ అబ్బాయి పొద్దున ఒకచోట, సాయంత్రం ఒకచోట, ఆదివారం వీధిలో ఎన్ని బంతులు విసురుతున్నాడో లెక్క ఎవరి దగ్గరా ఉండదు. తల్లి దగ్గరే ఉండాలి. పెరిగే పిల్లలకు మోచేతి నొప్పి వారం దాటి ఉంటే పెద్దవాళ్ల వ్యాయామాలు చేయించకండి, ఎముకల డాక్టరుకు చూపించండి.

పెద్దలకైనా సరే, ఈ గుర్తులుంటే ఇంట్లో కూర్చోవద్దు. మోచెయ్యి పూర్తిగా చాపలేకపోవడం, మధ్యలో పట్టేసినట్టు ఆగిపోవడం. విసిరేటప్పుడు టప్పుమని శబ్దమై వెంటనే నొప్పి రావడం. ఉంగరపువేలు, చిటికెనవేలు తిమ్మిరెక్కడం. మెడ నుంచి చేతిలోకి నొప్పి పాకడం. వాపు, ఎరుపు, జ్వరం. రాత్రి నిద్రపోనివ్వని నొప్పి. ఇవి వేరే జబ్బులకు గుర్తులు కావచ్చు.

చివరగా ఒక్క మాట. మా మేనల్లుడు క్రికెట్ ఆడుతూ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పిన వారానికే అందరం "మళ్లీ ఎప్పుడు ఆడతావురా?" అని అడిగాం. మా అమ్మాయికి నొప్పి వస్తే అదే నోటితో "ఇక మానెయ్యి, ఎంత ఆడినా ఏం లాభం" అన్నాం. అబ్బాయికి దెబ్బ తగిలితే వైద్యం, అమ్మాయికి దెబ్బ తగిలితే ఆట బంద్! ఇది నేను కావాలని చేసింది కాదు. కానీ చేశాను. అందుకే ఆ పిల్ల మూడు నెలలు నొప్పి దాచుకుంది. దీపావళికే చెప్పి ఉంటే మూడు వారాల జాగ్రత్తతో పోయేదేమో. దాచినందువల్ల ఏడాది పట్టింది.

ఈ సంవత్సరం యూనివర్సిటీ జట్టులో మా అమ్మాయిని రిజర్వు ప్లేయరుగా తీసుకున్నారు. కోర్టులో ఆడిందీ రెండే ఆటలు. అయినా నాకు అంతకన్నా సంతోషం కలిగించింది మరొకటి. కిందటి నెలలో ప్రాక్టీసు నుంచి వస్తూనే, చెప్పులు కూడా విప్పకుండా, "అమ్మా, మోచెయ్యి కొంచెం పీకుతోంది, రెండు మార్కులు వేసుకో" అంది. నేను పుస్తకం తీసి రాసుకున్నాను. నాలుగు రోజులు ఆట తగ్గించింది, సర్దుకుంది.

మీ ఇంట్లో ఆడే పిల్లలుంటే, నొప్పి అన్నప్పుడు ముందు మానెయ్యమనకండి. ఎక్కడ, ఎప్పటినుంచి, ఈ నెలలో ఏం పెంచావు అని అడగండి. అలా అడిగితే వాళ్లు మళ్లీసారి దాచరు.